ప్రాజెక్టు డైరీ: మా కుందేలు మూత్రం రంగులు, ట్రే అడుగున మడ్డి, తిండిలో చేసిన మార్పులు

ఎందుకు మొదలుపెట్టానంటే

కుందేలు పెంచేవాళ్లందర్నీ ఎప్పుడో ఒకప్పుడు హడలగొట్టే విషయం ఇది, ట్రేలో ఎర్ర మరక. నిన్నటిదాకా పసుపు, ఇవాళ ఇటుక రంగు, ఎల్లుండికి మళ్లీ పసుపు, మధ్యలో ఒక్కోసారి తెల్లగా చిక్కగా. మా బుజ్జికి ఇవన్నీ వస్తూ ఉన్నాయి. డాక్టర్ గారికి చూపించాం, యూరిన్ టెస్ట్ చేసి రక్తం లేదన్నారు, ఎక్స్‌రేలో రాయి కూడా లేదు, కానీ మూత్రాశయంలో కొంచెం తెల్లగా మడ్డి కనబడుతోంది, తిండీ నీళ్లూ సర్ది కొన్నాళ్లయ్యాక మళ్లీ ఎక్స్‌రే తీద్దాం అన్నారు. "రంగు చూసి అంత కంగారు పడకండి, అడుగున ఏం మిగులుతోందో అది చూస్తూ ఉండండి, ఏం తిందో కూడా పక్కనే రాసిపెట్టండి" అని చెప్పారు. ఆ మాట పట్టుకుని మొదలుపెట్టిందే ఈ డైరీ.

బుజ్జి సంగతి: ఆడది, పూర్తిగా ఎదిగింది, బరువు రెండు కిలోలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. ఈ ఆపరేషన్ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లలో వయసు పెరిగేకొద్దీ గర్భసంచిలో క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది, అప్పుడు వచ్చే రక్తం కూడా మూత్రంతో కలిసే బయటికొస్తుంది. కాబట్టి మీ ఆడ కుందేలుకి ఆపరేషన్ కాకపోయి ఉండి ట్రేలో ఎరుపు కనబడితే ఈ డైరీ చదువుతూ కూర్చోకండి, ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ట్రే తయారీ (శనివారం)

మామూలుగా ట్రేలో కాగితం గుళికల లిట్టర్ వేస్తాం, అది అంతా పీల్చేసుకుంటుంది, రంగూ తెలీదు మడ్డీ తెలీదు. అందుకని తెల్ల ప్లాస్టిక్ ట్రే ఒకటి తీసుకుని దాని మీద చిన్న కన్నాలున్న ప్లాస్టిక్ జాలీ బిగించా. ఇనుప జాలీ మాత్రం వద్దు, కుందేలు పాదాలకి కుక్కపిల్లకి ఉన్నట్టు మెత్తలు ఉండవు, బొచ్చు ఒక్కటే, తీగల మీద నిలబడితే పుళ్లు పడతాయి. ప్లాస్టిక్ జాలీ కూడా మూల వరకే పెట్టా, మిగతా చోటంతా మెత్తని చాప.

జాలీకి ఆనుకుని గడ్డి స్టాండ్. ఇది చాలా ముఖ్యం, కుందేలు గడ్డి నములుతూ నములుతూనే పోస్తుంది, గడ్డి ఎక్కడుంటే బాత్రూమ్ అక్కడే. స్టాండ్ పెట్టిన సాయంత్రమే బుజ్జి వచ్చి జాలీ మీద కూర్చుని, ఒక గడ్డిపోచని కొస నుంచి లోపలికి లాక్కుంటూ, తోక కొంచెం పైకెత్తి పని కానిచ్చేసింది. కింద ట్రేలో చిన్న మడుగు, లేత పసుపు, పలచగా.

ట్రే కడగడానికి బ్లీచ్ వాడట్లేదు. వాసన దానికి పడదనేది ఒకటి, ఇంకోటి ఏంటంటే బ్లీచ్ ఏ కొంచెం మిగిలినా యూరిన్ స్ట్రిప్ (మూత్రంలో ముంచితే గడుల రంగు మారి అందులో ఏముందో చూపించే పట్టీ) మీద రక్తం గడి రంగు మారిపోతుంది, రక్తం లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. తెల్ల వెనిగర్, వేడి నీళ్లు, తర్వాత మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టడం, అంతే.

ఫోటోలకి కూడా ఒక పద్ధతి పెట్టుకున్నా. పగటి వెలుతురులో, కిటికీ పక్కన, మరక పక్కనే ఒక తెల్ల కార్డు ముక్క. రాత్రి బల్బు కింద తీసిన ఫోటోలో ప్రతీదీ నారింజ రంగులోనే ఉంటుంది, దాన్ని పట్టుకుని పొద్దున తీసిన ఫోటోతో పోలిస్తే ఏమీ తేలదు.

ఆదివారం: తాజాది వేరు, ఆరింది వేరు

ఇది అందరూ ఒకసారి చేసి చూడాల్సిన పని. బుజ్జి పోసిన వెంటనే ఒక తెల్ల కాటన్ గుడ్డ ముక్క మీద నాలుగు చుక్కలు వేసి టైమ్ రాసి పక్కన పెట్టా. అప్పుడు లేత పసుపు. మధ్యాహ్నానికి అంచుల్లో ముదురు పసుపు, లోపల ఇంకా లేతగానే. సాయంత్రానికి మొత్తం నారింజ. మర్నాడు పొద్దున చూస్తే అంచు గీత ఎర్రటి గోధుమ రంగు, మధ్యలో పొడిగా తెల్లని పొర, వేలితో రుద్దితే పొడి పొడిగా చేతికి అంటింది.

కుందేలు మూత్రంలో మొక్కల నుంచి వచ్చిన వర్ణకాలు ఉంటాయి, పోర్ఫిరిన్లు అని ఇంకో రకం కూడా ఉంటాయి, గాలి తగిలేకొద్దీ రంగు ముదురుతుంది. అంటే రాత్రంతా ట్రేలో ఉండిపోయిన మరకని పొద్దున చూసి "ఇది ఎర్రగా పోసింది" అని చెప్పలేం. పోసిన అరగంటలోపు చూసిన రంగునే రాయాలని రూల్ పెట్టుకున్నా, లేటుగా చూసినవి కూడా రాస్తున్నా గానీ పక్కన "ఆరినది" అని రాస్తున్నా.

లేత పసుపు, ముదురు పసుపు, నారింజ, గోధుమ, ఎరుపు, ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్న కుందేలుకి కూడా వచ్చే రంగులే. మసకగా, కొంచెం తెల్లగా ఉండటం కూడా మామూలే. మనుషుల మూత్రం తేటగా ఉంటే మంచిది కదా అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

బుధవారం: మళ్లీ ఎరుపు

చెల్లి పొద్దున్నే చూసి పిలిచింది, "అక్కా, తొందరగా రా, ఎర్రగా ఉందే, రక్తమేమో!" వెళ్లి చూస్తే నిజంగానే బాగా ఎరుపు, తాజాదే. ఇద్దరం ముందు బుజ్జిని చూశాం. గడ్డి తింటోంది, గిన్నె దగ్గరికి పరిగెత్తుకొచ్చింది, కింద బొచ్చు పొడిగానే ఉంది, పోసేటప్పుడు ముక్కడం లేదు. సరే, ఇప్పుడు మరకని చూద్దాం అనుకున్నాం.

రక్తమైతే సాధారణంగా సమానంగా కలిసిపోయి ఉండదు, పసుపు మూత్రంలో ఎర్ర చారలో, చుక్కలో, గడ్డలో విడిగా తెలుస్తాయి, ఒక్కోసారి మొదట పసుపుగా వచ్చి చివర్లో ఎరుపు వస్తుంది. వర్ణకం అయితే మడుగంతా ఒకే రంగు. మాది ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే ఎరుపు. ఇది తొంభై పాళ్లు ధైర్యం ఇస్తుంది గానీ పూర్తిగా కాదు, రక్తం కూడా బాగా కలిసిపోయి ఉండొచ్చు. అందుకే స్ట్రిప్ వాడాం.

స్ట్రిప్ గురించి కాస్త వివరంగా రాస్తా, ఎందుకంటే ఆ డబ్బా మీదున్న చార్ట్ మనుషుల కోసం వేసింది, కుందేలుకి దాన్ని ఉన్నదున్నట్టు చదివితే అనవసరంగా గుండెలు జారిపోతాయి. మొదటిది రక్తం గడి. అది రంగు మారలేదు, మాకు కావాల్సింది అదే. రెండోది పీహెచ్ గడి (మూత్రం ఆమ్లమా క్షారమా చెప్పేది), అది చార్ట్‌లో ఆఖరి రంగుకి వెళ్లి కూర్చుంది, కుందేలు మూత్రం మామూలుగానే క్షారంగా ఉంటుంది, 8 నుంచి 9 దాకా, చాలా స్ట్రిప్‌లు 8.5 దగ్గర ఆగిపోతాయి కాబట్టి ఎప్పుడూ ఆఖర్లోనే ఉంటుంది. మూడోది ప్రొటీన్ గడి, కొంచెం ఆకుపచ్చగా మారింది. దానికి చెల్లి మళ్లీ కంగారు పడింది, కానీ మూత్రం అంత క్షారంగా ఉంటే ప్రొటీన్ లేకపోయినా ఆ గడి ఉన్నట్టు చూపిస్తుంది. సాంద్రత గడిని అసలు లెక్కలోకి తీసుకోవట్లేదు, జంతువుల విషయంలో అది నమ్మదగ్గది కాదు, దానికి డాక్టర్ల దగ్గర వేరే పరికరం ఉంటుంది.

స్ట్రిప్ ఫోటో, మరక ఫోటో రెండూ డాక్టర్ గారికి పంపాం. "తింటోంది, తిరుగుతోంది కదా, రెండు మూడు రోజులు చూడండి, తగ్గకపోతే లేదా స్ట్రిప్ మారితే శాంపిల్ తీసుకురండి, మైక్రోస్కోప్ కింద ఎర్ర కణాలున్నాయో లేదో చూద్దాం" అన్నారు. అసలు తేల్చేది అదే, మైక్రోస్కోప్. ఇంట్లో స్ట్రిప్ దారి చూపిస్తుంది అంతవరకే.

యూవీ టార్చ్ కూడా ప్రయత్నించాం, పోర్ఫిరిన్లు ఆ వెలుగులో మెరుస్తాయి, రక్తం మెరవదు అని. ఇంట్లో ఇది అంత పనికొచ్చేలా లేదు. తెల్ల కాగితం, ఉతికిన తెల్ల గుడ్డ ఇవి వాటంతటవే నీలంగా మెరుస్తాయి, ఎందుకంటే వాటిలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలుంటాయి. స్టీలు గిన్నెలో పోసి చూస్తే కొంచెం తెలిసింది, అయినా దీని మీద ఆధారపడి నిర్ణయం తీసుకోను.

ఎరుపుకి కారణం ఎవరు?

ముందురోజు తిన్నవి చూస్తే: తిమోతీ గడ్డి, గుళికలు (ప్యాకెట్లో వచ్చే తిండి), రోమైన్ లెట్యూస్, కొత్తిమీర, కొంచెం బీట్‌రూట్ ఆకు. అనుమానం బీట్‌రూట్ ఆకు మీదకే వెళ్తుంది కదా. ఆపేశాం. మర్నాటికి నారింజ, తర్వాత పసుపు. కేసు తేలిపోయింది అనుకోవచ్చు, కానీ అలా వదిలేయకుండా కొన్నాళ్లయ్యాక అంతే ఆకు మళ్లీ పెట్టి చూశాం. ఏమీ కాలేదు, పసుపుగానే పోసింది. ఇంకోసారి క్యారెట్ ఆకుల తర్వాత నారింజ వచ్చింది, ఆ తర్వాత అవే క్యారెట్ ఆకులకి రాలేదు. ఒకసారి కొత్తగా ఏమీ పెట్టకుండానే ఎర్రగా వచ్చింది, ఆ ముందురోజు ఇంట్లో సామాన్లు జరిపాం, గోల గోలగా ఉంది, అదో కాదో చెప్పలేను. కుందేళ్లలో ఒత్తిడి, కొన్ని యాంటీబయాటిక్ మందులు కూడా రంగు మారుస్తాయని డాక్టర్ గారు అన్నారు.

ఒకే ఆకు ఒక కుందేలుకి రంగు తెస్తుంది, పక్కనున్న కుందేలుకి తేదు, అదే కుందేలుకి ఇంకో రోజు తేదు. కాబట్టి ఎరుపు చూసిన ప్రతిసారీ ఒక్కో ఆకుకూరని జాబితాలోంచి కొట్టేసుకుంటూ పోతే చివరికి గిన్నెలో ఏమీ మిగలదు, అది కుందేలుకి నిజంగా నష్టం. రంగుల మీద నా ఆసక్తి ఇక్కడితో తగ్గింది, అసలు పని మడ్డి మీద పెట్టా.

(ఇది మాత్రం చెప్పకుండా ఉండలేను: చలి దేశాల్లో బక్‌థార్న్ అనే పొద తిన్న అడవి కుందేళ్లు మంచు మీద పోస్తే అది ఎండ తగిలాక నీలంగా మారుతుంది. నీలం! మొక్కల వర్ణకాలు ఎంత దూరం వెళ్తాయో చూడండి.)

తెల్ల పొర మీద వెనిగర్ చుక్క

ట్రే మూలలో ఆరిపోయిన తెల్ల పొర ఉంటుంది, గోకితే పెచ్చుగా వస్తుంది. దాని మీద డ్రాపర్‌తో వెనిగర్ ఒక్క చుక్క వేశా. వేసిన క్షణంలోనే సన్నని బుడగలు, చెవి దగ్గర పెడితే చిటచిటమని చిన్న శబ్దం, కాసేపటికి పెచ్చు కరిగి ట్రే రంగు కనబడింది. అది కాల్షియం కార్బొనేట్, ఆమ్లం తగలగానే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ట్రేలు వెనిగర్‌తో ఎందుకంత శుభ్రంగా వస్తాయో కూడా ఇదే కారణం.

చాలా జంతువులు తిన్న తిండిలోంచి కావాల్సినంత కాల్షియమే పేగుల్లో తీసుకుని మిగతాది మలంలో వదిలేస్తాయి. కుందేలు పద్ధతి వేరు, తిండిలో ఎంత ఉంటే అంతకి తగ్గట్టు ఒంట్లోకి తీసేసుకుంటుంది, మామూలుగా దీనికి విటమిన్ డి అవసరం కూడా లేదు, దాని రక్తంలో కాల్షియం కూడా ఇతర జంతువుల కంటే ఎక్కువే ఉంటుంది. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కదా, వాటికి సరఫరా ఆగకూడదు. మిగిలిన కాల్షియం మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. చాలా జంతువుల్లో మూత్రంలోకి పోయే కాల్షియం 2 శాతం లోపే, కుందేలులో 45 నుంచి 60 శాతం దాకా. క్షారంగా ఉండే మూత్రంలో అది కరిగి ఉండలేక సన్నని పొడిలా విడిపోతుంది. అందుకే మసక.

ఆ పొడి మూత్రంతో పాటే కొట్టుకుపోతే ఏ గొడవా లేదు. నీళ్లు తక్కువ తాగి, కదలకుండా ఒకచోట కూర్చుని, మూత్రాశయం పూర్తిగా ఖాళీ చేయకపోతే అడుగున పేరుకుంటుంది, చిక్కబడి టూత్‌పేస్ట్‌లా బయటికొస్తుంది, అదీ రాకపోతే రాయి కడుతుంది. మేం ఆపాలనుకుంటున్నది దీన్నే.

సిరంజితో కొలత

మడ్డి పెరుగుతోందా తగ్గుతోందా అని కంటితో చూసి చెప్పడం కష్టం, అందుకని సూది లేని 10 ఎంఎల్ సిరంజి తీసుకున్నా. ట్రేలోని తాజా మూత్రాన్ని స్పూన్‌తో బాగా కలిపి (కలపకపోతే పైనున్న తేట మాత్రమే వస్తుంది) సరిగ్గా 10 ఎంఎల్ లాగి, మూతిని బిరడాతో మూసి, గ్లాసులో నిటారుగా నిలబెట్టి రాత్రంతా వదిలేశా. పొద్దున చూస్తే కింద తెల్లగా దిగిపోయి ఉంది, పైన తేట పసుపు, మధ్యలో గీత గీసినట్టు స్పష్టంగా. తెల్లభాగం 2కీ 3కీ మధ్యలో ఉంది.

ఇది డాక్టర్లు వాడే పరీక్ష ఏమీ కాదు, ఇంత ఉంటే మంచిది ఇంత ఉంటే చెడ్డది అనే కొలమానం దీనికి లేదు, వేరే వాళ్ల కుందేలుతో పోల్చడానికీ లేదు. బుజ్జిని బుజ్జితోనే పోల్చుకోవడానికి, తిండి మార్చిన ముందూ తర్వాతా చూసుకోవడానికి నాకు పనికొస్తోంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది, మడ్డి లోపలే ఉండిపోయి పైన తేట మాత్రమే బయటికి రావచ్చు, అప్పుడు సిరంజి శుభ్రంగా కనబడుతుంది కానీ మూత్రాశయం నిండా బురదే. ఆ సంగతి ఎక్స్‌రేకే తెలుస్తుంది, కాల్షియం ఎక్స్‌రేలో తెల్లగా బాగా కనబడుతుంది.

తిండి లెక్క, కాగితం మీద

కాల్షియం అనగానే అందరూ ఆకుకూరల మీద పడతారు, పార్స్లీ వద్దు, పాలకూర వద్దు, కేల్ వద్దు అని. నేనూ చెల్లీ కూర్చుని లెక్క వేశాం. 100 గ్రాముల పార్స్లీలో దాదాపు 138 మిల్లీగ్రాముల కాల్షియం, పాలకూరలో 99, కొత్తిమీరలో 67, రోమైన్ లెట్యూస్‌లో 33. ఇప్పుడు ఎండుగడ్డి చూడండి. అల్ఫాల్ఫాలో (లూసర్న్ గడ్డి) కాల్షియం 1.2 నుంచి 1.5 శాతం ఉంటుంది, అంటే 100 గ్రాములకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు. తిమోతీలో దాదాపు 0.4 నుంచి 0.5 శాతం.

బుజ్జికి రోజుకి ఓ 20 గ్రాముల పార్స్లీ పెడితే లోపలికి వెళ్లేది 28 మిల్లీగ్రాముల లోపే. అదే 50 గ్రాముల అల్ఫాల్ఫా పెడితే 600 పైనే. పైగా ఆకుకూర అంటే ముప్పాతిక వంతు కంటే ఎక్కువ నీళ్లే, ఆ నీళ్లు మడ్డిని కడిగేస్తాయి. దోషిని వదిలేసి సాయం చేసేవాళ్లని తరిమేయడం అంటే ఇదే కదా. పాలకూర విషయంలో కాల్షియం కంటే ఆక్జలేట్లు (కాల్షియంతో కలిసిపోయే ఒక రకం పదార్థాలు) ఎక్కువ అనేది ఆలోచించాల్సిన సంగతి, అందుకే అది రోజూ పెట్టం, ఎప్పుడైనా రెండాకులు.

మా ఇంట్లో అల్ఫాల్ఫా ఎక్కడ దొరికిందో తెలుసా, గుళికల్లో. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో మొదటి పదార్థమే అల్ఫాల్ఫా పిండి. పిల్ల కుందేళ్లకి, దాదాపు ఆరేడు నెలలు వచ్చేదాకా, అల్ఫాల్ఫా మంచిదే, ఎముకలు పెరుగుతుంటాయి కాబట్టి కావాలి కూడా. ఎదిగినదానికి అవసరం లేదు. పంజరానికి వేలాడదీసిన కాల్షియం బిళ్ల కూడా తీసేశాం, ఎదిగిన కుందేలుకి గడ్డీ ఆకులూ సరిగ్గా దొరుకుతుంటే అలాంటివి అక్కర్లేదు. విటమిన్ చుక్కలు కూడా అంతే, డాక్టర్ చెప్తే తప్ప వద్దు, విటమిన్ డి ఎక్కువైతే కాల్షియం చేరకూడని చోట చేరుతుంది.

అలా అని కాల్షియం మొత్తం కోసేయాలని కాదు నా ఉద్దేశం. మరీ తగ్గిస్తే పళ్లూ ఎముకలూ పాడవుతాయి. ఎక్కువైనది మామూలుకి తేవడం, నీళ్లు పెంచడం, ఈ రెండే.

గుళికలు మార్చిన విధానం

కొత్తవి తిమోతీతో చేసినవి, పీచు 20 శాతం పైన ఉన్నవి చూసి తీసుకున్నాం. కిలో బరువుకి రోజుకి 25 గ్రాములు దాటకూడదంటారు, బుజ్జికి అంటే 50 గ్రాములే ఆఖరి హద్దు, మేం దానికంటే బాగా తక్కువకే తెచ్చాం, తూకం వేసి పెడుతున్నాం, గుప్పెడుతో కొలిస్తే ఒక్కోరి గుప్పెడు ఒక్కోలా ఉంటుంది.

ఒక్కసారిగా మార్చలేదు. పాతవి ఎక్కువ, కొత్తవి కాసిన్ని, అలా ఓ వారం పది రోజుల్లో మెల్లగా తిప్పాం. కుందేలు పేగుల్లో ఉండే సూక్ష్మజీవులకి హఠాత్తు మార్పులు పడవు, విరేచనాలు పట్టుకోవచ్చు, లేదా తినడమే మానేయొచ్చు, కుందేలు తినడం మానేస్తే అది చిన్న విషయం కాదు. రోజూ రెట్టల సైజు కూడా రాశాం, గుండ్రంగా, పెద్దగా, పొడిగా, విరిస్తే లోపల గడ్డి పీచు కనబడాలి.

మొదట్లో గుళికల కోసం గిన్నెని పళ్లతో పట్టి విసిరి కొట్టేది. మనసు కరిగిపోయేది గానీ పెంచలేదు. దాని బదులు గడ్డి స్టాండ్ రోజుకి రెండుసార్లు తాజాగా నింపడం, కింద పడి తొక్కినది తీసేయడం చేశాం. గడ్డి మొత్తం తిండిలో 80 శాతం పైన ఉండాలి, రోజుకి దాని ఒళ్లంత కుప్ప తినాలన్నది లెక్క. గడ్డి వాసన చూడటం నేర్చుకోండి, పచ్చగా, కమ్మని వాసనతో, దుమ్ము లేకుండా ఉండాలి. అట్టడుగున పొడి పొడిగా మిగిలిన గడ్డి పెడితే బుజ్జి మూతి కూడా పెట్టదు, అది తిండి మానేసిందేమో అని మనం భయపడతాం, గడ్డి మారిస్తే తినేస్తుంది.

ఆకులు రోజుకి రెండు కప్పుల దాకా, ఒక్క రకమే కాకుండా మూడు నాలుగు రకాలు మార్చి మార్చి. పండు చెంచాడు, అది కూడా రోజూ కాదు. క్యారెట్ దుంప కూడా ఈ లెక్కలోదే, అందులో తీపి ఎక్కువ, ఆకులు మాత్రం బాగా పెట్టొచ్చు.

నీళ్లు: అన్నిటికంటే తేడా తెచ్చింది ఇదే

ఇంతకుముందు సీసా ఉండేది, కొనలో ఇనుప గోలీ, నాలుకతో నెడితే చుక్క చుక్కగా వస్తుంది. పక్కనే బరువైన పింగాణీ గిన్నె పెట్టాం. కుందేలు రోజుకి కిలోకి 50 నుంచి 150 ఎంఎల్ తాగుతుంది అంటారు, అంటే బుజ్జి 100 నుంచి 300 మధ్యలో ఉండాలి. కొలవాలంటే ఒక చిక్కుంది, గిన్నెలోంచి కొంత ఆవిరైపోతుంది. అందుకని అలాంటి గిన్నే ఇంకోటి, బుజ్జికి అందని చోట, అంతే నీళ్లతో పెట్టి, దానిలో తగ్గినంత దీనిలోంచి తీసేసి రాశాం.

సీసాలోంచి తాగినదానికంటే గిన్నెలోంచి బాగా ఎక్కువ తాగుతోంది, సందేహమే లేదు. సీసా దగ్గర తల పైకెత్తి కాసేపు టకటకలాడించి విసుగొచ్చి వెళ్లిపోయేది, గిన్నె దగ్గర తల వంచి, చెవులు వెనక్కి వాల్చి, నిమిషం పైన ఆగకుండా తాగుతోంది. సీసా తీసేయలేదు, ఉంచాం, కానీ దాని వైపు చూడట్లేదు. ఆకులు కూడా కడిగాక దులపకుండా తడిగానే పెడుతున్నాం.

గిన్నె పెట్టిన కొన్నాళ్లకి సిరంజిలో గీత 1 దగ్గరికి దిగింది. గుళికల మార్పు కూడా అప్పటికే సగం అయింది కాబట్టి మొత్తం ఘనత నీళ్లకే ఇవ్వను, కానీ గుళికలు మార్చడం మొదలుపెట్టిన రోజుల్లో గీత పెద్దగా కదల్లేదు, గిన్నె వచ్చాకే కదిలింది.

శుక్రవారం: తేటగా వచ్చింది, సంతోషించలేదు

పొద్దున ట్రేలో నీళ్లలా తేటగా ఉంది, మసక కూడా లేదు. చెల్లి "సాధించాం" అంది. నేను మాత్రం ముందు గడ్డి స్టాండ్ చూశా, రాత్రి నింపింది నింపినట్టే ఉంది. తిండి లోపలికి వెళ్లకపోతే కాల్షియం వెళ్లదు, మూత్రం తేటపడుతుంది. పిల్ల కుందేళ్లకి, కడుపుతో ఉన్నవాటికి, పాలిచ్చేవాటికి తేటగా రావడం మామూలే, కాల్షియం ఒంట్లోనే ఖర్చవుతుంది. ఎదిగిన ఆపరేషన్ అయిన కుందేలుకి హఠాత్తుగా తేటగా వస్తే తింటోందా లేదా అని చూడాలి, నీళ్లు విపరీతంగా తాగుతుంటే మూత్రపిండాల సంగతి కూడా చూపించుకోవాలి.

రెట్టలు చిన్నవిగా ఉన్నాయి, ఇష్టమైన కొత్తిమీర పెడితే వాసన చూసి వదిలేసింది. ఇంక ఆగలేదు, ఫోన్ చేసి వెంటనే తీసుకెళ్లాం. కుందేలు 12 గంటలు ఏమీ తినకపోతే పేగుల కదలిక ఆగిపోయే ప్రమాదం ఉంది, అది ప్రాణాల మీదకి వస్తుంది. పళ్లు పరీక్షించారు, వెనక దవడ పన్ను ఒకటి మొనదేలి బుగ్గకి గుచ్చుకుంటోంది, నొప్పితో నమల్లేకపోతోంది. అరగదీసి నొప్పికి మందిచ్చారు, సాయంత్రానికి మెత్తని తిండి, రాత్రికి గడ్డి తినడం మొదలుపెట్టింది. మర్నాడు మూత్రం మళ్లీ మసకగా, పసుపుగా వచ్చింది. ఆ మసకని చూసి ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

తిరగడం

పంజరం తలుపు ఇప్పుడు పగలంతా తెరిచే ఉంటుంది. అట్టపెట్టెలతో ఒక సొరంగం, పక్కన ఎక్కడానికి ఒక పీట, గడ్డిలో దాచిన రెండు మూడు గుళికలు వెతుక్కోవడానికి. బరువెక్కి ఒకచోట కూర్చునే కుందేళ్లలో మడ్డి ఎక్కువ పేరుకుంటుంది, కదిలేవాటిలో కలిసిపోయి బయటికొచ్చేస్తుంది. పరిగెత్తి వచ్చిన తర్వాత పోసినదాంట్లో మడ్డి ఎక్కువ కనబడింది, నిద్ర లేచి పోసినదాంట్లో తక్కువ. చెడ్డ సంకేతంలా కనిపించినా మంచిదే, లోపలిది బయటికొస్తోంది. అందుకే సిరంజి శాంపిల్ ఎప్పుడూ సాయంత్రం ఆటలయ్యాకే తీస్తున్నా.

ఇప్పుడు ఎక్కడున్నాం

డైరీలో ఇప్పుడు ఉంచుకున్న గడులు ఇవి: తాజా రంగు, రంగు మడుగంతా సమానంగా ఉందా లేదా, సిరంజి గీత, తాగిన నీళ్లు, గడ్డి తిందా, రెట్టలు, కింద బొచ్చు తడిగా ఉందా, బరువు. రంగు గడి ఒక్కదాన్నీ చూసి ఏ ఆకూ ఆపట్లేదు. ముక్కుతూ పోయడం, చుక్క చుక్కగా కారడం, తొడల లోపల తడిసి ఎర్రబడటం, వీపు వంచి ఒక మూల కూర్చుని పళ్లు గట్టిగా కొరకడం, పేస్ట్‌లా చిక్కగా రావడం, చారలుగానో గడ్డలుగానో ఎరుపు, స్ట్రిప్‌లో రక్తం గడి మారడం, వీటిలో ఏది కనబడినా డైరీలో రాయడం తర్వాత, ముందు ఆ రోజే డాక్టర్ దగ్గరికి. అసలు మూత్రమే రావట్లేదంటే గంటలు లెక్కపెట్టకుండా అప్పటికప్పుడే వెళ్లాలి.

సిరంజి గీత ఈ మధ్య 1కి అటూ ఇటూ ఆగుతోంది, బరువు రెండు కిలోల దగ్గరే నిలకడగా ఉంది, గుళికల గిన్నె విసరడం కూడా మానేసింది. వచ్చే నెల ఎక్స్‌రే ఉంది, మడ్డి నిజంగా తగ్గిందా లేక లోపలే ఉండి మాకు కనబడట్లేదా అనేది అప్పుడే తేలుతుంది. తీసిన రోజే పాత ఫిల్మ్, కొత్త ఫిల్మ్ పక్కపక్కన పెట్టి చూసి ఆ ఎంట్రీ ఈ డైరీ కిందే రాస్తా.